వాళ్ల నాట్లకు మీరు వెళ్లారా?

ఈ వారం ఉత్తరం మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. రాసినవారు పేరు వద్దన్నారు కాబట్టి ఎస్. గారు అనుకుందాం. ఉత్తరం పొడవైనది, ముఖ్యమైన భాగం ఇది:

“ఆరు నెలల క్రితం మా ఊరి కమ్యూనిటీ టీవీ స్టేషన్‌లో వాలంటీరుగా చేరాను. కెమెరా, ఎడిటింగ్ క్లాసులు పూర్తి చేశాను. ‘మన ఊళ్లో తెలుగువాళ్లు’ అనే అరగంట కార్యక్రమానికి స్టేషన్‌వాళ్లు ఒప్పుకున్నారు. తీరా మొదటి షూటింగు రోజు వస్తామన్న ఆరుగురిలో ఇద్దరే వచ్చారు. ముఖ్య అతిథిగా పిలిచిన ఆవిడ మాటలు సగం వినిపించనే లేదు, అంతా గరగర. స్టేషన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన నన్ను ప్రతి శనివారం కేబుళ్లు చుట్టడానికే పిలుస్తారు. ‘ఫోనుతో తీసి యూట్యూబులో పెట్టుకోక ఈ తిప్పలు ఎందుకు, ఆ చానల్ ఎవరు చూస్తారు?’ అని మావారు అంటున్నారు. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చోలేక చేరాను. ఇప్పుడు మానేయాలా?”

ఎస్. గారూ,

మానేయకండి. అయితే మీకు నచ్చని ప్రశ్న ఒకటి ముందుగా అడుగుతాను. ఈ ఆరు నెలల్లో మీరు ఎంతమంది షూటింగులకు వెళ్లారు? క్లాసుల సంగతి కాదు, వేరేవాళ్ల కార్యక్రమానికి, వాళ్ల పని చేసిపెట్టడానికి. ఉత్తరంలో ఆ మాటే లేదు. అందుకే వెళ్లలేదనుకుంటున్నాను.

మన ఊళ్లలో నాట్ల రోజుల్లో బదులుకు వెళ్లేవారు కదా. ఇవాళ మీ మడిలో నేను, ఎల్లుండి నా మడిలో మీరు. డబ్బు చేతులు మారదు, లెక్క మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఊరివాళ్లే కార్యక్రమాలు తీసి ఊరి కేబుల్ చానల్‌లో వేసుకునే ఈ కమ్యూనిటీ టీవీ నూటికి నూరుపాళ్లు ఆ పద్ధతిమీదే నడుస్తుంది. స్టూడియోలో ఒక మామూలు ముఖాముఖి తీయాలన్నా మూడు కెమెరాలకు ముగ్గురు, ఏ కెమెరా బొమ్మ తెరమీదకు వెళ్లాలో మార్చే స్విచర్ దగ్గర ఒకరు, శబ్దానికి ఒకరు, పేర్లు వేసే గ్రాఫిక్స్‌కు ఒకరు, అతిథి పక్కన నిలబడి వేళ్లతో నిమిషాలు చూపించే ఫ్లోర్ మేనేజర్ ఒకరు, వీళ్లందరికీ చెప్పే దర్శకుడు ఒకరు. ఎనిమిదిమంది. ఒక్కరికీ జీతం లేదు. వాళ్లు మీ దగ్గరకు ఎందుకు రావాలి? మీ కార్యక్రమం గొప్పదని రారు, వాళ్లకు తెలుగు రాదు. పోయిన నెల చదరంగం కార్యక్రమానికి మీరు రాత్రి తొమ్మిదిదాకా రెండో కెమెరా పట్టుకుని నిలబడ్డారని వస్తారు.

వస్తామన్న ఆరుగురూ తెలుగువాళ్లే అయి ఉంటారని నా ఊహ. మనవాళ్లు ‘తప్పకుండా వస్తాం’ అంటే దాని అర్థం ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. వాళ్లను తప్పుపట్టకండి, కెమెరా వెనక నిలబడటంలోని సరదా వాళ్లకు ఇంకా తెలియదు. స్టేషన్‌లో అప్పటికే ఆ పిచ్చి పట్టినవాళ్లు ఉంటారు: రిటైరైన టీచరు, హైస్కూలు కుర్రాడు, తోటపని గురించి ఇరవయ్యేళ్లుగా ఒకే కార్యక్రమం చేస్తున్న ఆవిడ. మీ సిబ్బంది వాళ్లు. నాలుగు శనివారాలు వాళ్ల నాట్లకు వెళ్లండి, ఐదో శనివారం అడగండి.

ఇక ఆ పెద్దాయన, కేబుళ్లు. ఇక్కడ మీరు అపార్థం చేసుకున్నారనిపిస్తోంది. మనం దండెం తాడును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టినట్టు కేబులును చుడితే ప్రతి చుట్టుకూ లోపల ఒక మెలిక పడుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. నెల తరువాత లోపలి తీగ తెగుతుంది, సరిగ్గా షూటింగు మధ్యలో చిటపటమంటుంది. అందుకే ఒక చుట్టు మామూలుగా, తరువాతి చుట్టు మణికట్టును లోపలికి తిప్పి వెనక్కి వేస్తారు. ఇలా ఒకటి మార్చి ఒకటి వేస్తే, చుట్టును పట్టుకుని విసిరినప్పుడు కేబులు ముడిపడకుండా చాపలా తిన్నగా పరుచుకుంటుంది. ఆ రెండో చుట్టు చేతికి రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. వచ్చిన రోజున, అప్పటిదాకా నా పేరు కూడా సరిగా పలకని ఒక ముసలాయన హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ఇలాంటి స్టేషన్లలో పాతకాపులు మనిషిని తూచే తక్కెడ అది. సామాను పాడుచేయదని నమ్మకం కుదిరిందాకా మంచి కెమెరా ఇవ్వరు. ఊరి సొమ్ముతో కొన్నది, పాడైతే మళ్లీ కొనడానికి ఏళ్లు పడుతుంది. అయినా మీ సందేహంలో పిసరంత నిజం ఉండవచ్చు. ఇంకో నాలుగు వారాల తరువాత కూడా కేబుళ్లే అంటే, ‘ఈసారి ఆడియో దగ్గర కూర్చుంటాను’ అని మీరే అడగండి. వద్దంటే స్టేషన్‌లో వాలంటీర్లను చూసుకునే ఉద్యోగి ఉంటారు, వారికి చెప్పండి. ఆయన కొలువులో లేరు మీరు.

ఆడియో అని ఊరికే అనలేదు. మీ కార్యక్రమం చెడింది అక్కడే.

మీ అతిథి ఆ రోజు పట్టుచీర కట్టుకున్నారు, మైకును పైటకు తగిలించారు. రాయకపోయినా ‘గరగర’ అన్న మాటతో నాకు కళ్లకు కట్టింది. పట్టు నోరులేని బట్ట కాదు, కదిలినప్పుడల్లా మాట్లాడుతుంది. పైట కొంగు మైకుమీద రాసుకుంటే వచ్చే చప్పుడు ఎండుటాకుల మీద నడిచినట్టుంటుంది. దానికితోడు మంగళసూత్రం, రెండు పేటల గొలుసు, చేతులు బల్లమీద పెట్టినప్పుడల్లా గాజులు. మైకును జాకెట్టు అంచుకు, గడ్డానికి జానెడు కింద, పైట లేని వైపు తగిలించండి. గొలుసులు పక్కకు జరిపి పిన్ను పెట్టండి. తీగను జాకెట్టు లోపలి నుంచి తెచ్చి, నడుము దగ్గర ట్రాన్స్‌మిటరు (మైకు మాటను పంపే చిన్న డబ్బా) పెట్టి, తీగలో కాస్త వదులు ఉంచండి. ఇదంతా ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయాలి. మీ స్టేషన్‌లో మీరు మాత్రమే చేయగలిగిన పని ఇదేనేమో. గాజులు తీయమని అతిథిని అడగడానికి మొహమాటపడకండి, ‘చప్పుడు వస్తుందండీ’ అంటే చాలు. బల్లమీద ఒక మందపాటి బట్ట పరిచినా సరిపోతుంది. చీర ఏది కట్టుకోవాలో ముందురోజే ఫోనులో చెప్పండి: నూలుచీర, వీలైతే సాదాది. సన్నని గళ్లచీర కంటికి ఎంత అందంగా ఉన్నా కెమెరాలో నీటి అలల్లా వణుకుతుంది.

తరువాత ఇయర్‌ఫోన్లు. మీరు ఆ రోజు వాటిని పెట్టుకోలేదు, పెట్టుకుని ఉంటే గరగర అప్పుడే వినిపించేది. ఇది ఎత్తిపొడుపు అనుకోకండి, అనుభవం. కొత్తలో ఒక పెద్దమనిషితో యాభై నిమిషాలు ముఖాముఖి తీశాను. మిల్లులో పనిచేసిన రోజులు, వరద వచ్చిన రాత్రి, అన్నీ చెప్పాడు. మీటరులో సూది కదులుతోంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఇంటికి వచ్చి చూస్తే ఆ కదలిక కెమెరాకే ఉన్న చిన్న మైకుది, ఆయన చొక్కాకు పెట్టింది ఆన్ చేయనే లేదు. ఆయన మాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. పాపం, రెండోసారీ వచ్చాడు. కానీ ఒకసారి చెప్పేసిన కథను మనిషి రెండోసారి అలాగే చెప్పడు. వరద రాత్రి గురించి రెండే ముక్కల్లో ముగించాడు. సూదిని నమ్మకండి, చెవిని నమ్మండి. మొదలుపెట్టేముందు ‘పొద్దున ఏం తిన్నారు?’ అని అడగండి. ఉప్మా గురించి చెబుతుండగా గొంతు స్థాయి సరిచేసుకోండి. ఎవరింట్లోనైనా తీస్తే ఫ్రిజ్ ఆపి, మీ కారు తాళాలు అందులో పెట్టండి. తాళాల కోసం తెరిచినప్పుడు ఫ్రిజ్ మళ్లీ వేయడం గుర్తొస్తుంది, వాళ్ల పాలు విరగవు. చివరగా అందరినీ నోరు మూసుకుని కూర్చోమని ముప్ఫై సెకన్లు ఖాళీ గదిని రికార్డు చేయండి. ఎడిటింగులో కోతల మధ్య అతుకు వేయడానికి ఆ నిశ్శబ్దమే పనికొస్తుంది.

మీవారి ప్రశ్నకు వస్తాను. ‘ఎవరు చూస్తారు?’ తక్కువమందే. దాన్ని దాచి లాభం లేదు. అయితే ఆ చానల్ ఎక్కువమంది చూడాలని పుట్టింది కాదు. అమెరికాలో కేబుల్ కంపెనీలు వీధుల వెంట తీగలు లాగుతున్న రోజుల్లో, ఊరి స్థలం వాడుకుంటున్నందుకు ఊరికి ఏమిస్తారని కొందరు అడిగారు. జార్జ్ స్టోనీ అనే డాక్యుమెంటరీ దర్శకుడు 1971లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రెడ్ బర్న్స్‌తో కలిసి ఆల్టర్నేట్ మీడియా సెంటర్ పెట్టి, మామూలు మనుషులకు వీడియో కెమెరాలు నేర్పించారు. 1972లో టీవీ, రేడియోల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెద్ద నగరాల కేబుల్ సంస్థలు ప్రజలకు చానల్ ఇవ్వాలని నిబంధన పెట్టింది. 1979లో సుప్రీంకోర్టు అలా శాసించే అధికారం కమిషన్‌కు లేదంది. 1984లో వచ్చిన కేబుల్ చట్టం ఆ పనిని ఊళ్లకు అప్పజెప్పింది: కేబుల్ ఆదాయంలో 5 శాతం వరకు ఊరు రుసుముగా తీసుకోవచ్చు, ప్రజలకు చానల్ కేటాయించమనవచ్చు, ఆ చానల్‌లో ఏం రావాలో కేబుల్ కంపెనీ నిర్ణయించకూడదు. మీ ఇంటికి కేబుల్ ఉంటే బిల్లులో కింద ఆ రుసుము ఒక వరుసలో కనిపిస్తుంది, మీవారికి చూపించండి. ఇంటిల్లిపాదీ కేబుల్ మానేసి ఇంటర్నెట్‌కు మారుతుండటంతో ఆ డబ్బు తగ్గిపోతోంది. స్టేషన్లు బక్కచిక్కుతున్నది అందుకే.

యూట్యూబులో మీ వీడియో మీకు తెలిసినవాళ్లు చూస్తారు, వాళ్ల చుట్టాలు చూస్తారు. అది తక్కువ కాదు. ఊరి చానల్‌లో మాత్రం స్కూల్ కమిటీ సమావేశం అయిపోయాక కట్టేయడం మరిచిపోయిన పక్కింటి ఆవిడ చూస్తుంది. మర్నాడు మందుల దుకాణంలో మీ అతిథిని చూసి పలకరిస్తుంది. ఈ రెండో రకం ప్రేక్షకులు మీకు వేరే ఎక్కడా దొరకరు. వాళ్ల కోసమే ఇంగ్లీషు ఉపశీర్షికలు వేయండి, మాట మాత్రం తెలుగులోనే ఉండనివ్వండి. చాలాచోట్ల కార్యక్రమం హక్కులు తీసినవారికే ఉంటాయి. మీరు సంతకం పెట్టిన కాగితంలో చూసుకుంటే, ఊరి చానల్‌లో వచ్చాక యూట్యూబులోనూ పెట్టుకోవచ్చు. కాబట్టి మీ ఇంట్లో ఈ విషయంమీద గొడవ పడవలసిన పని లేదు.

‘మన ఊళ్లో తెలుగువాళ్లు’ అన్న పేరు విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు ఆవలింత వచ్చింది. ఏం జరుగుతుందో తెలుసు: సంఘం అధ్యక్షులు, మాజీ అధ్యక్షులు, కాబోయే అధ్యక్షులు వరుసగా సోఫాలో కూర్చుని మన సంస్కృతి గొప్పదంటారు. తరువాత పిల్లల నృత్యం. ఆ నృత్యం సినిమా పాటకు. ఇక్కడ పెద్ద చిక్కుంది. ప్రసారమయ్యే ప్రతిదానికీ హక్కులు నావేనని మీరు సంతకం చేస్తారు. సినిమా పాట హక్కులు మీవి కావు, ఉగాది వేడుకల్లో హాలులో వేసుకోవడం వేరు, టీవీలో రావడం వేరు. పాట తీసేస్తే నృత్యం మూగనోము. మన అమ్మాయి ఎవరైనా గొంతెత్తి అన్నమయ్య కీర్తన పాడితే, ఆ రికార్డింగు మీదైతే నిశ్చింత, బాణీ ఈ కాలంవారు కట్టింది కాకుండా చూసుకోండి. ఇంకొకటి: బిర్యానీ హోటలువారు ఖర్చు భరిస్తామంటారు. ‘సహకారం ఫలానావారు’ అని వేయవచ్చు కానీ ‘రండి, ఇంత ధరకే’ అనకూడదు, ఇవి వ్యాపార ప్రకటనలు లేని చానళ్లు.

దానికి బదులు నేనైతే ఏం తీస్తానో చెబుతాను. మీ ఊళ్లో కమ్యూనిటీ తోట ఉందా? ఉంటే వేసవిలో పొద్దున్నే వెళ్లి చూడండి. పిల్లల దగ్గరకు ఆరు నెలలు వచ్చిన అమ్మమ్మ ఒకరు తప్పకుండా అక్కడ గోంగూర మొక్కల మధ్య కనిపిస్తారు. కారు నడపలేరు, పగలంతా ఇంట్లో ఒక్కరే, పక్క మడిలోని ఇటాలియన్ ముసలమ్మతో భాష లేకుండానే స్నేహం. అక్టోబరులో మంచు కాటు పడకముందే ఆకు కోసేయాలి, పచ్చడి పట్టాలి, తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దాలి. అరగంటకు అంతకంటే ఏం కావాలి? తెలుగు వాళ్లంతా అందులోనే ఉన్నారు, ఎవరూ సోఫాలో లేరు.

ఆమెను ఎలా తీయాలో మన పస్తాపూర్ వాళ్లు ఎప్పుడో చెప్పారు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు వీడియో నేర్చుకున్నప్పుడు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. కళ్లకు కళ్లు సమంగా ఉండేది సంఘం షాట్, సంఘం సమావేశంలో అందరూ ఒకే నేలమీద కూర్చున్నట్టు. ఏ ఫిల్ము స్కూలు పాఠంలోనూ కెమెరా ఎత్తు గురించి ఇంత సూటిగా చెప్పింది నేను చదవలేదు. అమ్మమ్మ ముక్కాలి పీటమీద కూర్చుని ఆకు గిల్లుతుంటే మీరు నిలబడి తీయకండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా దించి, మీరూ మట్టిలో కూర్చోండి.

తీసినది చానల్‌లో వేసేముందు ఆమెకు చూపించండి. కెనడాలో ఫోగో ద్వీపంలో 1967లో కోలిన్ లో అనే దర్శకుడు జాలర్ల మధ్య సినిమాలు తీసినప్పుడు ఈ పద్ధతి పాటించాడు. వాళ్లను ద్వీపం ఖాళీ చేయించాలని ప్రభుత్వం చూస్తున్న రోజులవి. ఎవరి మాట తీశాడో వాళ్లకు ముందుగా చూపించి, వద్దన్నది తీసేసేవాడు. తమను తాము తెరమీద చూసుకున్నాక వాళ్లకు మాట్లాడే ధైర్యం పెరిగింది, సహకార సంఘం పెట్టుకుని ద్వీపంలోనే ఉండిపోయారు. మీ అమ్మమ్మగారు కోడలి గురించి నోరుజారిన ఒక్క వాక్యం తీసేయమంటే తీసేయండి. అది ఎంత బాగున్నా సరే.

అరగంట అంటే సరిగ్గా అరగంట కాదు, కొన్ని స్టేషన్లు 28 నిమిషాల 30 సెకన్లు అడుగుతాయి. కార్యక్రమాల పట్టిక చూసే వారిని ముందే అడిగి పెట్టుకోండి.

వీసా విషయం. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా జీతం లేకుండా వాలంటీర్లు చేసే పనిని, మీరూ ఏమీ తీసుకోకుండా చేయడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ప్రమాదం ఎక్కడంటే, పని బాగా వస్తే స్టేషన్‌వాళ్లే ఒకరోజు ‘ఊరి పాలకమండలి సమావేశం తీసిపెట్టండి, సమావేశానికి ఇంత ఇస్తాం’ అంటారు. చాలా స్టేషన్లలో ఆ పనికి డబ్బు ఇస్తారు. పని అనుమతి చేతికి వచ్చేదాకా అది తీసుకోకండి. డబ్బు ఇచ్చే పనిని ఉచితంగా చేస్తాననీ అనకండి, అదీ చిక్కే. ఆ మాట వచ్చిన రోజున ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే జవాబు చెప్పండి.

మీవారిని వదిలిపెట్టకండి. ఫోనుతో తీయవచ్చన్నారు కదా, నిజమే, తోటలో ఆకుల దగ్గరి షాట్లకు ఈ కాలం ఫోను చక్కగా సరిపోతుంది. అమ్మమ్మగారిని ఇంటి నుంచి తోటకు, తోట నుంచి ఇంటికి కారులో తీసుకువెళ్లే మనిషీ కావాలి. ఆ రెండు పనులూ ఆయనకే ఇవ్వండి. షూటింగు జరుగుతున్నంతసేపూ ఆ ఫోను సైలెంటులో ఉంచమని మాత్రం గట్టిగా చెప్పండి.